డిస్క్ బ్రేక్ పట్టట్లేదు: ఇంట్లో చూసుకుందామా, షాపుకిద్దామా, హైడ్రాలిక్‌కి మారదామా?

బంజారాహిల్స్ రోడ్ నంబర్ 12 దిగుతుంటే ముందు బ్రేక్ లివర్ హ్యాండిల్‌కి ఆనేదాకా నొక్కినా సైకిల్ ఆగలేదు, చెప్పు నేలకి రాసి రాసి ఆపుకున్నాను. ఇంటికొచ్చి చెప్తే మా తమ్ముడు "హైడ్రాలిక్ వేయించుకో అన్నా, పీడా పోతుంది" అన్నాడు, అంటే వైరు బదులు ద్రవం ఒత్తిడితో పనిచేసే బ్రేకు. అమ్మేమో షాపుకివ్వమంది.

ముందు షాపుకే ఇచ్చాను. అయిదు నిమిషాల్లో వైరు లాగి బిగించి ఇచ్చేశారు, లివర్ గట్టిపడింది, నేనూ సంబరపడ్డాను. రెండు వారాలకి మళ్లీ అదే కథ, ఎందుకంటే అసలు లోపం వైరులో లేదు. చక్రంతో పాటు తిరిగే డిస్కుని రెండు ప్యాడ్ల మధ్య నొక్కి పట్టేదే కాలిపర్. వైరుతో పనిచేసే మామూలు కాలిపర్లలో ఎక్కువ వాటికి బయటి ప్యాడ్ ఒక్కటే కదులుతుంది. అదొచ్చి డిస్కుని కొంచెం వంచి, కదలని లోపలి ప్యాడ్‌కేసి నొక్కుతుంది. లోపలి ప్యాడ్ అరిగి వెనక్కి పోయిందనుకోండి, వైరు ఎంత బిగించినా కాలిపర్ చెయ్యి ముందే సగం తిరిగిపోయి ఉంటుంది, ఇక లాగడానికేం మిగలదు.

దీనికి ఇంట్లో కావాల్సింది 5 ఎం.ఎం. ఎలెన్ కీ, ఒక టార్చి, పాత శుభలేఖ ముక్క. వైరు వదులు చేసి, చక్రం పుల్లల వైపున్న మర తిప్పి లోపలి ప్యాడ్‌ని డిస్కుకి దగ్గర చేయాలి, మధ్యలో శుభలేఖ ముక్క దూరి బయటికి రావాలి, అంత సందు చాలు. కొన్ని మోడళ్లలో ఈ మర తిప్పడానికి చిన్న ఎలెన్ కీ కావాలి, కొన్నిట్లో చేత్తో తిరిగే నాబ్ ఉంటుంది. తర్వాత వైరు మళ్లీ బిగించడమే. కాలిపర్ వెనక తెల్ల కాగితం పట్టుకుని టార్చి వేస్తే డిస్కుకి రెండు పక్కలా సన్నని వెలుగు గీతలు కనిపిస్తాయి. ఒక పక్క గీత లేకపోతే అక్కడ రాసుకుంటోందన్నట్టు. మొదటిసారి నాకు గంట పట్టింది, ఇప్పుడు టీ చల్లారేలోపు అయిపోతుంది.

ఇంట్లో నేను చేసిన తప్పు కూడా చెప్తా. కీచుమంటోందని తుప్పు వదిలించే స్ప్రే డిస్కు మీద కొట్టాను. కీచు ఆగింది, బ్రేకూ ఆగింది! డిస్కుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే శుభ్రపడింది కానీ ప్యాడ్లు నూనె పీల్చేశాయి, గరుకు కాగితంతో రుద్దినా లాభం లేక పారేశాను. కొత్తవి వేశాక ఓ మోస్తరు వేగంతో తొక్కుతూ ఇరవైసార్లు బ్రేక్ గట్టిగా నొక్కి నెమ్మదించాలి, పూర్తిగా ఆగకూడదు, అప్పుడే పట్టు వస్తుంది. చైన్‌కి నూనె వేసేటప్పుడు కూడా డిస్కు మీద గుడ్డ కప్పండి.

అయితే డిస్కు వంకర పోతే షాపే మేలు, నా చేతిలో మొదటిది ఇంకా వంకర పోయింది. 160 ఎం.ఎం. డిస్కు కొత్తలో సాధారణంగా 1.8 ఎం.ఎం. మందం ఉంటుంది, 1.5కి వస్తే మార్చేయడమే, ఆరు బోల్టులతో బిగించే డిస్కైతే దానికి టి25 (నక్షత్రం మొన) కీ కావాలి. వానాకాలం తర్వాత వైరు గొట్టంలో తుప్పు పట్టి లివర్ బిరుసెక్కితే మాత్రం ఇంట్లోనే వైరు, గొట్టం రెండూ కలిపి మార్చండి, ఒకటే మారిస్తే దండగ.

ఇక హైడ్రాలిక్. పట్టు బాగుంటుంది, వేళ్లు నొప్పి పుట్టవు, ప్యాడ్లు అరిగేకొద్దీ అదే సర్దుకుంటుంది, కాదనను. కానీ కాలిపర్లు, లివర్లు, పైపులు అన్నీ మార్చాలి, లోపల గాలి చేరితే బ్లీడింగ్ చేయాలి, అంటే ఆ గాలిని బయటికి తీయాలి, దానికి కిట్టు, సరైన ద్రవం ఉండాలి, మినరల్ ఆయిల్‌దాన్లో డాట్ ఫ్లూయిడ్ (ఇంకో రకం బ్రేక్ ద్రవం) పోస్తే సీల్స్ పాడవుతాయి. రోజూ జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాలు తొక్కేవాళ్లు మారొచ్చు. నాలాగా ఆదివారం హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) పక్కన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ మీద తిరిగేవాడికి అంత ఖర్చు దేనికి, అక్కడ బ్రేక్ నొక్కే పనే తక్కువ. తమ్ముడి హైడ్రాలిక్ సైకిలైతే బ్లీడింగ్ కోసం మూడు రోజులుగా షాపులోనే ఉంది, వాడు నా సైకిలే వేసుకెళ్తున్నాడు.