అరచేతితో నొక్కి తెరిచే కారబైనర్: ఒక వయా ఫెర్రాటా సెట్‌పై సమీక్ష

బవేరియాలోని గార్మిష్ పట్టణానికి పైనున్న ఆల్ప్‌స్పిట్జె శిఖరం (2,628 మీటర్లు) మీదికి వెళ్లే ఇనుప మార్గంలోనూ, ఇటలీలోని డోలమైట్స్ కొండల్లోనూ వాడి చూసిన ఒక వయా ఫెర్రాటా సెట్ (ఎక్కే మనిషిని కొండ మీది కేబుల్‌కు తగిలించి ఉంచే పట్టీల జత) గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. తయారీ సంస్థ పేరు కావాలనే చెప్పడం లేదు. అందులోని, అరచేతితో నొక్కి తెరిచే తరహా కారబైనర్‌ను (తెరిచి మూసే గేటు ఉన్న లోహపు కొక్కేన్ని) ఇప్పుడు చాలా సంస్థలు కొద్దిపాటి తేడాలతో అమ్ముతున్నాయి. నా మెచ్చుకోలైనా ఫిర్యాదైనా వాటన్నిటికీ మూలమైన రూపకల్పన మీదే తప్ప ఒక దుకాణం మీదో ఒక ముద్ర మీదో కాదు. మ్యూనిక్, స్టుట్‌గార్ట్, జ్యూరిక్ వంటి నగరాల్లో ఉద్యోగం చేస్తూ సెలవుల్లో కొండలెక్కే తెలుగువారు, సెట్ కొనే ముందు దాని మీద ముద్రించిన అంకెలకంటే దాని గేటు పనితీరును ఎక్కువగా చూడాలని నా అభిప్రాయం.

వయా ఫెర్రాటా అంటే కొండ గోడ పొడవునా ఉక్కు కేబుల్ పరిచి, కొన్ని మీటర్లకొకచోట దాన్ని రాతిలోకి దింపిన మేకులకు బిగించి, మరీ నిలువుగా ఉన్నచోట ఇనుప మెట్లో నిచ్చెనలో అమర్చిన మార్గం. ఆస్ట్రియాలోని డాక్‌స్టైన్ పర్వతం మీద 1843లోనే ఇలాంటి ఏర్పాటు జరిగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో డోలమైట్స్‌లో తలపడిన ఇటలీ, ఆస్ట్రియా–హంగరీ సైన్యాలు మనుషులనూ సామగ్రినీ పైకి చేర్చడానికి వేసుకున్న దారుల్లో కొన్ని ఈనాటికీ, బాగుచేసిన రూపంలో, యాత్రికులు ఎక్కే మార్గాలుగా మిగిలాయి. ఎక్కేవారి నడుముకున్న హార్నెస్ నుంచి వై ఆకారంలో రెండు పట్టీలు వస్తాయి. ఒక్కో పట్టీ చివర ఒక్కో కారబైనర్ ఉంటుంది. రెండూ కేబుల్‌కే తగిలించి ఉండాలి. మేకు దగ్గరికి రాగానే ఒకదాన్ని విప్పి మేకు అవతల తగిలించి, ఆ తరువాతే రెండోదాన్ని విప్పాలి. రెండూ ఒకేసారి కేబుల్‌ను విడిచి ఉండే క్షణం ఒక్కటి కూడా రాకూడదు. ఈ మార్గాల్లో భద్రతంతా ఈ ఒక్క నియమం మీదే ఆధారపడి ఉంది; కారబైనర్ పని ఆ నియమాన్ని అలసిన చేతికి కూడా సులభం చేయడం.

భువనగిరి కోట బండ మీద తాడుతో ఎక్కడం నేర్చుకున్నవారికి మరతో బిగించే స్క్రూ గేటు కారబైనర్ అలవాటై ఉంటుంది. తాడుతో ఎక్కేటప్పుడు దాన్ని ఒకసారి బిగిస్తే చాలాసేపు ముట్టుకోనక్కరలేదు గనుక అక్కడ అది మంచి పరికరమే. ఇక్కడ మాత్రం ఒక పూటలో లెక్కలేనన్నిసార్లు తెరిచి మూయవలసి ఉంటుంది కాబట్టి, మరను ప్రతిసారీ తిప్పే ఓపిక ఎవరికీ ఉండదు, తిప్పకుండా వదిలేసిన మర తాళం వేయని తలుపే. అందుకే యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 12275, వయా ఫెర్రాటా కోసం ‘కె’ అనే ప్రత్యేక తరగతిని పెట్టి, ఆ తరగతి కారబైనర్ గేటు వదలగానే దానంతట అదే మూసుకుని లాక్ కావాలని నిర్దేశించింది. కారబైనర్ ఒంటి మీద వృత్తంలో చెక్కిన ‘కె’ అక్షరం ఉందో లేదో కొనేటప్పుడు చూసుకోవాలి. అది లేని కారబైనర్‌ను, ఎంత బలమైనదైనా సరే, ఈ పనికి వాడకూడదు.

నేను వాడుతున్న సెట్‌లో లాక్ తీరు ఇలా ఉంటుంది. కారబైనర్ వెన్ను వైపు ఒక పొడవాటి మీట ఉంది. దాన్ని అరచేతి మడమతో నొక్కితే లోపలి లాక్ విడుతుంది, అదే పట్టులో బొటనవేలితో గేటును లోపలికి తోయవచ్చు. రెండు పనులూ కలిసి ఒకే పిడికిలి కదలికగా జరిగిపోతాయి. మీటను మాత్రమే నొక్కినా, గేటును మాత్రమే తోసినా తెరుచుకోదు. తిప్పి తెరిచే పాత రకం ఆటోలాక్‌లతో పోలిస్తే దీనికున్న మేలు కొండ మీద వెంటనే తెలుస్తుంది: ఒక చేత్తో ఇనుప మెట్టు పట్టుకుని వేలాడుతున్నప్పుడు, రెండో చేత్తో, చూపు కూడా అటు తిప్పకుండా మార్చుకోవచ్చు. గేటు వెడల్పుగా తెరుచుకోవడం వల్ల లావైన కేబుల్‌కే కాక మెట్ల ఊచలకు కూడా తేలికగా తగులుతుంది. గేటు వచ్చి కూర్చునే ముక్కు భాగంలో కొక్కెపు గాడి లేకపోవడం మరో మంచి సంగతి. పాత కేబుళ్లలో పోగులు లేచి ఉన్నచోట గాడి ఉన్న ముక్కు చిక్కుకుపోయి విసిగిస్తుంది, ఇది నున్నగా జారి బయటికి వస్తుంది.

తేలికగా తెరుచుకోవడాన్ని సౌకర్యంగా మాత్రమే చూడడం సరికాదు. లాక్ మొండిగా ఉంటే మనుషులు దాన్ని తప్పించుకునే దారులు వెతుకుతారు. ఒక్క పట్టీనే మార్చుకుంటూ రెండోదాన్ని గాలికి వదిలేస్తారు, లేదంటే అడ్డంగా ఉందని హార్నెస్‌కు తగిలించుకుంటారు. ఈ రెండో అలవాటు మరీ ప్రమాదకరం. ఒక పట్టీ కేబుల్‌కు, రెండోది హార్నెస్‌కు తగిలి ఉంటే, పడినప్పుడు బలం, పట్టీలు కలిసే చోట ఉండే కుదుపును మింగే పట్టీ గుండా పోకుండా, ఒక పట్టీ నుంచి రెండో పట్టీ ద్వారా నేరుగా శరీరానికి చేరుతుంది. నేను చూసిన మార్గాల్లో ఈ దృశ్యం అరుదు కాదు.

ఆ కుదుపు ఎంతటిదో తెలిస్తే కారబైనర్ మీది అంకెలకు అర్థం వస్తుంది. పతనపు దూరాన్ని దాన్ని ఆపే తాడు పొడవుతో భాగిస్తే వచ్చేదాన్ని ఫాల్ ఫ్యాక్టర్ అంటారు. తాడుతో ఎక్కేవారికి సాధారణంగా అది 2 దాటదు. ఇక్కడ పట్టీ పొడవు మీటరుకు అటూ ఇటూ ఉంటుంది, కానీ పడిన మనిషి కేబుల్ వెంట కింది మేకు దాకా జారిపోతాడు గనుక ఆ విలువ 5కు చేరవచ్చు, దాటవచ్చు. అంత బలాన్ని లోహమూ భరించలేదు, వెన్నెముకా భరించలేదు. అందుకే రెండు పట్టీలు కలిసే చోట, మడతలుగా నేసి కుట్టిన ఒక పట్టీని సంచీలో పెడతారు. పడినప్పుడు అది పోగు పోగుగా చినుగుతూ వేగాన్ని తగ్గిస్తుంది. ఈ సెట్లకు వర్తించే ఈఎన్ 958 ప్రమాణాన్ని 2017లో సవరించినప్పుడు, 40 కిలోల మనిషి మీద పడే బలం 3.5 కిలోన్యూటన్లకు, 120 కిలోల మనిషి మీద 6 కిలోన్యూటన్లకు మించరాదనీ, చినుగు పొడవు 2.2 మీటర్లు దాటరాదనీ హద్దులు పెట్టారు. ఒక కిలోన్యూటన్ అంటే సుమారుగా 100 కిలోల బరువు అనుకోవచ్చు.

ఇక కారబైనర్ మీద పొడవు దిశలో కనీసం 25 కిలోన్యూటన్లు, అడ్డంగా 7 అని ప్రమాణం కోరుతుంది. పడేది ఆరు, ఓర్చేది ఇరవై ఐదు గనుక నిశ్చింతగా ఉండవచ్చని అమ్మేవారు చెప్పే లెక్క సగమే నిజం. కేబుల్ వెంట జారిన కారబైనర్ వచ్చి తగిలేది మేకుకు. తగిలే తీరును బట్టి అది మేకు అంచు మీద అడ్డంగా పడి, మీటవేసి విరిచినట్టు వంగవచ్చు. ఆ స్థితిలో పొడవు దిశ అంకె పనికిరాదు. అందువల్ల రూపకల్పనలో అసలు పరీక్ష లోహం మందంలో కాక, కారబైనర్ ఎప్పుడూ సరైన దిశలో నిలిచి ఉండేలా చూడడంలో ఉంది. నా సెట్‌లో పట్టీ చివరి కుట్టు కారబైనర్ అడుగు కంతలో కదలకుండా బిగువుగా కూర్చుని ఉంది. పైభాగం వెడల్పుగా, గుండ్రంగా ఉండడం వల్ల మేకు తలకు తగిలినా పక్కకు ఒరగకుండా నిలబడే అవకాశం ఎక్కువ. ఈ విషయంలో దీనికి పూర్తి మార్కులు ఇస్తాను.

లోపాలు లేకపోలేదు. మీట వెన్ను వైపు ఉండడం వల్ల, ఇరుకు పగుళ్లలో ఎక్కేటప్పుడు రాయి దాన్ని నొక్కి పట్టే వీలుంది. అదే క్షణంలో గేటు మేకుకు ఒత్తుకుంటే లాక్ విడిపోవచ్చు. రెండూ ఒకేసారి జరగడం అరుదేగాని అసాధ్యం కాదు. మీటను వెన్ను గాడిలోకి మరికొంత దింపి ఉంటే ఈ అనుమానమే ఉండేది కాదు. సున్నపురాయి పొడి మీట కీలులో చేరితే స్ప్రింగు మందగిస్తుంది. గోరువెచ్చని నీటితో కడిగి, ఆరనిచ్చి, కీలుకు మాత్రమే పొడి కందెన వేస్తే మళ్లీ చురుకవుతుంది. మందపాటి చేతి తొడుగులు వేసుకున్నప్పుడు మీట సరిగా నొక్కుకుందో లేదో చేతికి తెలియదు; వేళ్ల చివరలు లేని తొడుగులతో ఆ ఇబ్బంది లేదు. పట్టీలు ఒకదానికొకటి పెనవేసుకోకుండా తిరిగే స్వివెల్ ఈ సెట్‌లో లేకపోవడం అన్నిటికంటే నన్ను చికాకు పెట్టింది. మేకుల దగ్గర ఎడమచేతిదీ కుడిచేతిదీ మారుస్తూ పోయాక, గంట గడిచేసరికి రెండు పట్టీలూ జడలా అల్లుకుపోయి, చేయి చాపినంత దూరం కారబైనర్ అందదు. ఈ ధరకు, అంటే నూరు యూరోల చుట్టుపక్కల, స్వివెల్ ఆశించడం అత్యాశ కాదు.

సాగే పట్టీల గురించి కూడా చెప్పాలి. 2012 ఆగస్టులో ఆస్ట్రియాలోని టిరోల్ ప్రాంతంలో, వాల్ఖ్‌జే దగ్గర, ఒక పర్వతారోహకుడు పడినప్పుడు రెండు పట్టీలూ తెగిపోయి ఆయన చనిపోయారు. లోపల రబ్బరు పోగులు నేసిన పట్టీలు మాటిమాటికీ సాగి ముడుచుకోవడంతో భారం మోయవలసిన పోగులు అరిగిపోయినట్టు తేలింది. ఆ తరువాత అనేక సెట్లను సంస్థలు వెనక్కి పిలిచాయి. అందుకే ఇప్పటి పరీక్షల్లో సాగే పట్టీలను 50,000 సార్లు లాగి వదిలాక కూడా బలం చూస్తారు. 2012కు ముందు తయారైన సెట్ ఎవరైనా స్నేహంగా అరువిచ్చినా తీసుకోవద్దని చెబుతాను; పాత సెట్ ఎంత కొత్తగా కనిపించినా అరుగుదల పైకి కనబడదు. అద్దె దుకాణంలోనైనా తయారీ సంవత్సరం చూపమని అడగడానికి మొహమాటపడనక్కరలేదు.

ఇంకా మెరుగైన కారబైనర్ ఎలా ఉండాలన్న ఊహ కొత్తదేమీ కాదు. యూరప్‌లోని చెట్ల మీది సాహస పార్కుల్లో, ఒక కారబైనర్ తెరిచి ఉంటే రెండోది తెరుచుకోకుండా యంత్రంతో ముడిపెట్టిన జోడీలు వాడుకలో ఉన్నాయి. అక్కడ కేబుల్ మందమూ మేకుల ఆకారమూ అంతటా ఒకటే గనుక అది సాధ్యమైంది. కొండ మీద ఒక్కో మార్గంలో కేబుల్ ఒక్కో మందం, మేకు ఒక్కో తీరు. పైగా ముడిపెట్టే యంత్రాంగం బరువు పెంచుతుంది, మంచులోనో దుమ్ములోనో అది మొరాయిస్తే మనిషి గోడ మధ్యలో ఇరుక్కుపోతాడు. నాకు ఎక్కువ ఆశ కలిగిస్తున్నది స్కైలోటెక్ సంస్థ తెచ్చినటువంటి దారి: కిందికి బలం పడగానే కారబైనర్ కేబుల్‌నే కరిచి పట్టుకోవడం. అది సరిగా పనిచేస్తే కింది మేకు దాకా జారడం ఉండదు, ఫాల్ ఫ్యాక్టర్ పెరగదు, మేకు మీద పడి విరిగే ప్రశ్నే తలెత్తదు. దాని బరువు, పెద్ద ఆకారం అందరికీ నచ్చకపోవచ్చు, కానీ సమస్యను మూలంలో పట్టుకున్న ఆలోచన అది.

మొత్తం మీద ఈ సెట్‌కు ఐదింటికి నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒక్కటీ స్వివెల్ లేనందుకు, మీట ఉబ్బెత్తుగా ఉన్నందుకు. సాధారణ ఎత్తు, బరువు ఉన్న పెద్దలు సందేహం లేకుండా కొనవచ్చు. బరువు హద్దులు మాత్రం మరువకూడదు. దుస్తులు, సామాను లేకుండా 40 కిలోలకు తక్కువ ఉన్నవారికీ, సామానుతో కలిపి 120 కిలోలు దాటినవారికీ ఈ పట్టీ ఒక్కటే చాలదు, పైనుంచి తాడుతో మరొకరు పట్టుకోవాలి. పిల్లలతో వెళ్లేవారు దుకాణంలోనే, వారి చేతి తొడుగులు వేయించి, ఒక చేత్తో వరసగా పదిసార్లు తెరిపించి చూడాలి. నా సెట్‌లోని మీటను మా పన్నెండేళ్ల అమ్మాయి రెండు చేతులతో తప్ప నొక్కలేకపోయింది. ఆమెకు చిన్న పిడికిలికి తగిన, సన్నటి వెన్ను ఉన్న మరో నమూనా తీసుకున్నాము.