ఫ్లై యాష్ ఇటుకల లోడు దించుకునే ముందు ఇది చదవండి (తిరుపతి, రేణిగుంట, చంద్రగిరి వైపు ఇల్లు కడుతున్నవాళ్లకు)

ఫ్లై యాష్ (థర్మల్ ప్లాంట్లలో బొగ్గు కాల్చగా వచ్చే సన్నటి బూడిద) ఇటుకలకు అడ్వాన్స్ ఇవ్వబోతున్నవాళ్లు ఒక్క అయిదు నిమిషాలు ఆగండి. మాకు టేబుల్ మీద చూపించిన ఇటుక వేరు, లారీలో వచ్చిన ఇటుక వేరు. ఇలాగే మోసపోయినవాళ్లు మా వీధిలోనే ఇంకొకరు ఉన్నారని తెలిశాక ఇది రాయాలనిపించింది.

ఫ్లై యాష్ ఇటుక చెడ్డదని నేను అనడం లేదు. పొలాల పైమట్టి, చెరువుల మట్టి తవ్వి బట్టీల్లో కాల్చడం కంటే, ముద్దనూరు దగ్గర ఆర్‌టీపీపీ థర్మల్ ప్లాంటు లాంటి చోట గుట్టలు పడే బూడిదతో గోడ కట్టుకోవడం వెయ్యి రెట్లు మేలు. థర్మల్ ప్లాంటుకు 300 కిలోమీటర్ల లోపు జరిగే నిర్మాణాల్లో, ధర ఎక్కువ కాకుండా దొరికితే, బూడిద ఉత్పత్తులే వాడాలని కేంద్ర పర్యావరణ శాఖ 2021 డిసెంబరు 31న నోటిఫికేషన్ కూడా ఇచ్చింది. మేమూ ఏరి కోరి ఇవే కావాలనుకున్నాం. ఇంత మంచి సరుకు పేరు చెప్పి చెత్త అంటగడుతున్నారనే నా కోపమంతా.

ఊరి బయట ఉన్న ఒక యూనిట్‌లో మాట్లాడుకున్నాం. పేరు ఇక్కడ రాయడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది. శాంపిల్ ఇటుకలు రెండూ ఒకదానికొకటి తగిలిస్తే ఖంగుమన్నాయి. "7.5 స్ట్రెంగ్త్ గ్యారంటీ సార్" అన్నారు (అంటే ఇటుక చదరపు మిల్లీమీటరుకు 7.5 న్యూటన్ల ఒత్తిడి తట్టుకోవాలి), ల్యాబ్ రిపోర్టు జిరాక్స్ చేతిలో పెట్టారు. లోడు మాత్రం రాత్రి పూట, మేమెవరం సైట్‌లో లేనప్పుడు దించేసి వెళ్లారు. పొద్దున్నే మేస్త్రి ఫోన్ చేశాడు: "అన్నా, గోరు పెట్టి గీకితే పిండి రాలతా ఉండాది. దీంతో గోడ ఎట్ల లేపేది?"

వెళ్లి చూస్తే పైవరస బాగానే ఉంది. కింది వరసల్లో ఇటుకల మూలలు గుండ్రంగా అరిగిపోయి ఉన్నాయి. ఒకటి విరగ్గొడితే లోపల ఇంకా చెమ్మ, మధ్యలో నల్లటి బొగ్గు రవ్వలు. ఆ మర్నాడు వాన పడింది. మనకు అక్టోబరు, నవంబరు వానలు ఎలా ఉంటాయో తెలిసిందే కదా. పేర్చిన ఇటుకల కింది నుంచి బూడిద రంగు నీళ్లు కాలవలోకి పారాయి. ఆ నీళ్లతో పాటు పోయేది మన డబ్బే.

ఇది ఎందుకు జరుగుతుందో తెలుసుకుంటే మోసాన్ని పట్టుకోవడం సులువు. బూడిదలోని సిలికా, సున్నంతోనో సిమెంటు వదిలే సున్నంతోనో నీళ్ల సమక్షంలో కలిస్తేనే గట్టిపడుతుంది. ఆ పని నిదానంగా సాగుతుంది. ప్రెస్ నుంచి దిగిన ఇటుకకు కనీసం రెండు మూడు వారాలు నీళ్లు కొట్టాలి. గిరాకీ ఎక్కువగా ఉందని నాలుగు రోజులకే లారీ ఎక్కిస్తే అది గట్టిపడదు. సిమెంటు తగ్గించినా, సన్నటి ఫ్లై యాష్ బదులు ప్లాంటు బూడిద చెరువు నుంచి తోడిన ముతక బూడిద పోసినా అంతే.

ఇంట్లోనే ఒక పరీక్ష చేశాను, మీరూ చేయొచ్చు. ఎండలో బాగా ఆరబెట్టిన ఇటుకను వంటింటి కాటా మీద పెడితే 2 కిలోల 700 గ్రాములు తూగింది. 24 గంటలు నీళ్లలో నానబెట్టి, తుడిచి మళ్లీ తూచితే 3 కిలోల 420 గ్రాములు. అంటే 26 శాతం పైనే నీళ్లు తాగింది. బూడిద, సున్నం ఇటుకల భారత ప్రమాణం ఐఎస్ 12894 ప్రకారం ఈ తరగతి ఇటుకలకు సగటున 20 శాతం దాటకూడదు. పైగా ఎండలో ఆరిన ఇటుకలో కొంత తేమ మిగిలే ఉంటుంది కాబట్టి అసలు లెక్క ఇంకా ఎక్కువే ఉండాలి. తర్వాత ల్యాబ్‌లో ఇచ్చాం. 7.5 అన్నది సగటున 2.9 వచ్చింది. ఆ ప్రమాణంలో అన్నిటికంటే కింది తరగతే 3.5.

యూనిట్ వాళ్లు మొదట "దించుకున్నాక మాకు సంబంధం లేదు" అన్నారు. రిపోర్టు చూపించాక మిగిలిన సరుకు ఎత్తుకెళ్లారు గానీ, అడ్వాన్స్ వెనక్కి ఇవ్వలేదు. వాళ్లిచ్చిన జిరాక్స్‌ను అప్పుడు సరిగ్గా చదివితే, అందులో కస్టమర్ పేరు ఎవరిదో, తేదీ ఎప్పటిదో.

కాబట్టి ఆఫీసులో ఇచ్చే ఇటుకను చూసి ఒప్పుకోకండి. యార్డులోకి నడిచి, పేర్చిన స్టాకులో మధ్య నుంచి మీరే తీయండి. ఏ వరస ఏ తేదీన పోశారో అడగండి, పక్కన నీళ్ల పైపు, తడి నేల కనబడుతున్నాయో లేదో చూడండి. సున్నంతో చేసినదా, సిమెంటుతో చేసినదా కూడా అడగండి, సిమెంటు రకానికి ఐఎస్ 16720 అని వేరే ప్రమాణం ఉంది. ఐఎస్ఐ మార్కు చూపిస్తే లైసెన్స్ నంబరు ఆ మార్కు ఇచ్చే సంస్థ బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. తెల్లకాగితం ఎస్టిమేట్ వద్దు. స్ట్రెంగ్త్ ఎంతో రాసిన జీఎస్టీ బిల్లే అడగండి. లోడు పగలే దించమనండి.

అదే యూనిట్ వాళ్లు పాత బిల్డింగులు పగలగొట్టిన కాంక్రీటుతో చేసిన రీసైకిల్డ్ కంకర "స్లాబ్‌కు కూడా ఫుల్‌గా వాడొచ్చు" అని చెప్పారు. అది అబద్ధం. కంకర ప్రమాణం ఐఎస్ 383 (2016) ప్రకారం స్టీలు వేసే కాంక్రీటులో, అదీ ఎం25 గ్రేడు (కాంక్రీటు బలాన్ని చెప్పే అంకె) వరకే, మొత్తం కంకరలో 20 శాతానికి మించి కలపకూడదు. పూర్తిగా అదే వాడేందుకు వీలున్నది బెడ్ కాంక్రీటు లాంటి ఎం15 కంటే తక్కువ పనులకే.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు ఇటుకల్ని వాడకుండా పక్కన పెట్టి, ఫోటోలు తీసి, రాతపూర్వకంగా యూనిట్‌కు తెలపండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. తర్వాత వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, గడువు రెండేళ్లు.

మేము ఇంకో యూనిట్‌లో మళ్లీ ఫ్లై యాష్ ఇటుకలే తీసుకున్నాం. అక్కడ ప్రతి వరస మీద పోసిన తేదీ సుద్దతో రాసి ఉంది, నానబెట్టి తూచితే 13 శాతం వచ్చింది. రేటు ఇటుకకు కాస్త ఎక్కువ పడింది, గోడలు లింటెల్ దాకా లేచాయి.