బరువు దాచిపెట్టే రేసు యాప్

కంచెలు దూకే గుర్రప్పందేలను లైవ్‌లో చూపించే ఒక యాప్‌కు చందా కట్టాను. పేరు రాయను. బొమ్మ మాత్రం బాగుంది. హన్మకొండలో మా ఇంట్లో మామూలు ఫోన్ నెట్ మీదే ఎక్కడా ఆగకుండా వచ్చింది. కానీ అసలు చూపించాల్సింది చూపించదు. ఏ గుర్రం ఎంత బరువు మోస్తోందో తెరమీద కనబడదు. గుర్రం పేరు, జాకీ చొక్కా రంగు, పక్కనే పెద్ద అంకెల్లో పందెం రేటు, అంతే. బరువు కావాలంటే పేరు నొక్కి ఇంకో పేజీకి పోయి అట్టడుగున వెతుక్కోవాలి.

నేను వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో దడ్వాయిని, అంటే బస్తాలు తూకం వేసేవాణ్ని. కాంటా చూపించకుండా మిర్చి బస్తాకు లెక్క కడితే ఏ రైతూ ఊరుకోడు.

హ్యాండిక్యాప్ రేసు అంటే అన్ని గుర్రాలకూ గెలిచే అవకాశం ఉండాలని బలమైనదానికి ఎక్కువ బరువు, బలహీనమైనదానికి తక్కువ బరువు పెట్టే పందెం. దానికి బరువే ప్రాణం. పాత పరుగులను బట్టి గుర్రానికి రేటింగ్ ఇస్తారు. బ్రిటన్‌లో ఒక్క పాయింట్ పెరిగితే ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాములు ఎక్కువ మోయాలి. జాకీ తేలికైతే జీను కింది గుడ్డ జేబుల్లో సీసం పలకలు పెడతారు. రేసుకు ముందు జీనుతో సహా తూకం, దిగాక మళ్లీ తూకం. మన హైదరాబాద్ మలక్‌పేట రేసు కోర్సులో కంచెలుండవు గానీ బరువుల పద్ధతి అక్కడా ఉంది.

బ్రిటన్‌లో పేరుమోసిన కంచెల హ్యాండిక్యాప్ రేసు గ్రాండ్ నేషనల్. దాని 1973 వీడియో ఈ యాప్‌లో చూశాను. లివర్‌పూల్ దగ్గరి ఐన్‌ట్రీ మైదానంలో దాదాపు 7 కిలోమీటర్లు, 30 కంచెలు. క్రిస్ప్ అనే గుర్రం మీద 76 కిలోలు, దాన్ని తరిమిన రెడ్ రమ్ మీద 66 లోపే. ఆఖరి కంచె దాటేదాకా క్రిస్ప్ ఎంతో ముందుంది. చివరికి ముప్పావు గుర్రం పొడవు తేడాతో రెడ్ రమ్ చేతిలో ఓడిపోయింది. ఆ పది కిలోల సంగతి తెలియనివాళ్లు క్రిస్ప్‌కు దమ్ము లేదనుకుంటారు. మరుసటి ఏడాది రెడ్ రమ్ కూడా అవే 76 కిలోలు మోసి గెలిచింది. యాప్‌లో దీని మీద ఒక్క ముక్క లేదు.

గ్రాండ్ నేషనల్ ఎంట్రీ నిబంధనల పేజీ మాత్రం చక్కగా రాశారు, మెచ్చుకోవాలి. 2024 నుంచి గుర్రాలను 40 నుంచి 34కు తగ్గించారు, కనీస రేటింగ్‌ను 125 నుంచి 130కి పెంచారు. భద్రత కోసం 34 చేయడం న్యాయమే. ముందు పడ్డ గుర్రం మీద వెనకది పడకుండా కాస్త జాగా ఉండాలి. కానీ పేర్లు ఎక్కువైతే కింది రేటింగ్ నుంచి కొట్టేస్తారు. ఎవరికోసం బరువుల పద్ధతి పెట్టారో ఆ తక్కువ రేటింగ్ గుర్రమే గేటు బయట ఉండిపోతుంది. 2025లో మొదటి మూడు స్థానాలూ విల్లీ మల్లిన్స్ అనే ఒకే ట్రైనర్ గుర్రాలకే వచ్చాయి. ఆయన తప్పేం లేదు, గుర్రాలు కష్టపడి గెలిచాయి. రెండోది ఐ యామ్ మాక్సిమస్ అయితే అందరికంటే ఎక్కువ బరువు మోసింది. ఒక ట్రైనర్‌కు ఇన్ని గుర్రాలే అని గీత గీస్తే ఆ 34లో ఒకటి రెండు చోట్లు చిన్న లాయాలకు దక్కుతాయి. యాప్‌లో గంటసేపు మాట్లాడిన నిపుణులు ఈ ఊసే ఎత్తలేదు.

బొమ్మకు నాలుగు స్టార్లు, సమాచారానికి ఒకటి. కొనాలనుకుంటే ఏడాదికి కట్టకండి, ఏప్రిల్ ఒక్క నెలకు చాలు. గ్రాండ్ నేషనల్ మన టైం రాత్రి ఎనిమిదిన్నరకు మొదలవుతుంది. ఎనిమిదికే కూర్చుని 34 బరువులూ కాగితం మీద ఎక్కించుకోండి.