బిళ్ళగన్నేరు: ఏటా కొత్త నారు పోయడమే మేలు

బిళ్ళగన్నేరు పుట్టిల్లు మడగాస్కర్. స్వతహాగా ఇది ఏళ్ల తరబడి బతికే మొక్క. మంచు పడే ప్రాంతాల్లో చలికి చచ్చిపోతుంది కాబట్టి అక్కడ ఒక్క సీజన్‌కే వేస్తారు. చాలాకాలంగా పెంచుతున్నాను కనుక చెబుతున్నాను, చావని చోట కూడా ఏడాది మొక్కగా పెంచడమే మంచిది. ముదిరేకొద్దీ మొదలు కట్టెలా తయారవుతుంది, కింది కొమ్మలు బోసిపోతాయి, పూలు చివర్లలోనే మిగులుతాయి. లేత మొక్క అలా కాదు, రెండుసార్లు చివుళ్లు తుంచితే చాలు, గుబురుగా అల్లుకుని ఆకు కనబడనంత పూస్తుంది. వాడిన పూలు వాటంతటవే రాలిపోతాయి, ఏరే పని లేదు.

ఎండను ఇంత ఇష్టపడే పూల మొక్కను నేను ఇంకోటి చూడలేదు. మండే మధ్యాహ్నం ఆకులు అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటాయి. వెంటనే నీళ్లు పోసేయకండి. మట్టిలో వేలు పెట్టి చూడండి, లోపల తడి తగిలితే సాయంత్రానికి ఆకులు వాటంతటవే విచ్చుకుంటాయి.

దీనికి ఎండతో గొడవ లేదు, తడితోనే. ముసురు పట్టి వదలని ఒక ఏడాది మడి మడంతా పోయింది. కొమ్మ మధ్యలో ముదురు గోధుమరంగు మచ్చ పడుతుంది, అక్కడి నుంచి పైభాగం వాలిపోతుంది. అది ఫైటోఫ్తోరా తెగులు. మట్టిలోనే ఉండిపోతుంది కనుక ఆ మడిలో మళ్లీ బిళ్ళగన్నేరు వేయలేదు. ఇప్పుడు నీళ్లు మొదట్లోనే పోస్తాను, ఆకుల మీద పడనివ్వను, మొక్కకీ మొక్కకీ మధ్య గాలి ఆడేలా ఎడం ఇస్తాను. ఈ తెగులును తట్టుకునేలా తయారుచేసిన కోరా రకాలు ఉన్నాయి, వానలెక్కువ పడే చోట అవే వేసుకోవడం నయం.

విత్తనాలు చీకట్లో బాగా మొలుస్తాయి, పైన పల్చగా మట్టి కప్పాలి. దాదాపు 25 డిగ్రీల వెచ్చదనం ఉండాలి, చల్లటి తడిమట్టిలో కుళ్లిపోతాయి. మొలక నుంచి పువ్వు దాకా రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. సన్నటి కాయలు జంటలుగా వస్తాయి. పసుపు తిరగగానే కోసేస్తాను, ఆలస్యమైతే పగిలి నల్లటి గింజలు చెదిరిపోతాయి. హైబ్రిడ్ మొక్కల గింజలు వేస్తే తల్లి రంగే వస్తుందని నమ్మకం లేదు.

మొక్కంతా విషమే. క్యాన్సర్‌కు వాడే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ దీని నుంచే వచ్చాయి, అలాగని ఇంట్లో కషాయం కాచుకోకూడదు. పసిపిల్లలున్న ఇంట్లో కుండీ చేతికందని చోట పెట్టండి.