చంటిబిడ్డతో పీఆర్ ఉద్యోగం: ఏజెన్సీయా, కంపెనీయా, ఫ్రీలాన్సా?

బిడ్డ పుట్టాక పీఆర్‌లోనే (కంపెనీల తరఫున మీడియాతో మాట్లాడే పని) కొనసాగుదామనుకునేవాళ్లకు అందరూ చెప్పే మాట ఒకటే: "ఫ్రీలాన్స్ చేసుకో, నీ టైం నీ చేతిలో ఉంటుంది." నేనూ నమ్మాను. పలువురు క్లయింట్లకు పీఆర్ చేసిపెట్టే ఏజెన్సీలో ఆరేళ్లు చేసి, అది మానేసి, పాప పుట్టాక సొంతంగా మొదలుపెట్టాను. ఏడు నెలలకే ఒక కంపెనీ సొంత పీఆర్ విభాగంలో ఉద్యోగానికి చేరిపోయాను. మూడూ చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, మొదటి ఏడాదికి అంతకన్నా తప్పుడు సలహా లేదు.

ఎందుకో ఒక రాత్రి చెబితే చాలు. పాపకు మూడో నెల. రెండూ నలభైకి ఫోన్. క్లయింట్ వస్తువు మీద ఫిర్యాదు వీడియో తిరుగుతోంది, పావుగంటలో మీ వివరణ కావాలని వెబ్ డెస్క్ నుంచి విలేకరి. పాప అప్పుడే ఎడమ భుజం మీద నిద్రలోకి జారింది. కూర్చుంటే లేస్తుంది. నిలబడే, కుడిచేతి బొటనవేలితో నాలుగు వాక్యాలు కొట్టాను. పాము చావకుండా కర్ర విరగకుండా, బాగానే వచ్చాయి. పంపేశాను. పొద్దున చూస్తే "బాధ్యులపై ____ లోగా చర్యలు తీసుకుంటాం" అని అచ్చంగా అలాగే సైట్లో ఉంది. గడువెంతో క్లయింట్‌ని అడిగి నింపుదామని వదిలిన ఖాళీ అది. మధ్యాహ్నానికి ఫిర్యాదుకన్నా ఆ ఖాళీయే ఎక్కువ తిరిగింది. క్లయింట్ పల్లెత్తు మాట అనలేదు. తర్వాతి నెల రిటైనర్ (నెలనెలా ఫీజిచ్చే ఒప్పందం) రెన్యూ చేయలేదు, అంతే.

ఏజెన్సీలో అయితే పంపే ముందు ఇంకొకరు చూసేవారు. తేడా అంతా అక్కడే. టైం నా చేతిలో ఉండటం కాదు, ఫోన్ ఇంకొకరి చేతికి ఇవ్వగలనా అన్నదే లెక్క.

ఈ లెక్క ఒకప్పుడు ఇంత గట్టిగా ఉండేది కాదు. 1906లో అమెరికాలోని అట్లాంటిక్ సిటీ దగ్గర రైలు ప్రమాదం జరిగినప్పుడు, పీఆర్‌కు ఆద్యుల్లో ఒకరైన ఐవీ లీ రాసిచ్చినదాన్నే తొలి ప్రెస్ నోట్ అంటారు. ఆయన కాలంలోనే కాదు, ఆ తర్వాత చాలాకాలం పత్రిక ప్రింటుకు వెళ్లిందంటే ఆ రాత్రికి పని అయిపోయినట్టే. 1980లో సీఎన్ఎన్‌తో ఇరవైనాలుగు గంటల వార్తలొచ్చాయి. 2006లో ట్విటర్ వచ్చింది. ఇప్పుడు రెండు మూడు గంటలకోసారి పాలకు లేచే బిడ్డదీ, వార్తదీ ఒకటే టైంటేబుల్.

పైగా 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక ఇంకో చిత్రం జరిగింది. ప్రెస్ నోట్ డ్రాఫ్టు నిమిషాల్లో అయిపోతోంది. బిడ్డ పడుకున్నప్పుడు చేసుకోగలిగిన పని అదే! దాన్ని యంత్రం తీసుకుని, ఏ వేళకు మోగుతుందో తెలియని ఫోన్ మనకు మిగిల్చింది.

అందుకే ఏజెన్సీని అంత తేలిగ్గా కొట్టిపారేయను. నలుగురైదుగురు క్లయింట్లు, టైంషీట్లు, నెలాఖరు కవరేజీ రిపోర్టులు... నరకమే, కాదనను. కానీ ఒక క్లయింట్ పని మీద మీతో కలిపి ముగ్గురుంటే రాత్రులు పంచుకోవచ్చు. మీరొక్కరే ఉంటే మాత్రం అది జీతమొచ్చే ఫ్రీలాన్స్, ఇంకేం కాదు.

కంపెనీలో క్లయింట్ ఒక్కరే, విషయం కొట్టినపిండి. లిస్టెడ్ (షేర్ మార్కెట్లో ఉన్న) కంపెనీ అయితే లాభనష్టాల ఫలితాల తేదీ ముందే తెలుస్తుంది కాబట్టి ఆ వారానికి ఇంట్లో ఏర్పాట్లు చేసుకోవచ్చు. లీగల్‌వాళ్లు చూడకుండా వాక్యం బయటకు పోదు. మామూలప్పుడు విసుగొచ్చే ఆ ఆలస్యం, నిద్రలేని తల్లికి రక్ష. అయితే చాలా కంపెనీల్లో పీఆర్ విభాగమంటే ఒక్క మనిషే. ఇంటర్వ్యూలో నేనడిగింది ఒకే ప్రశ్న: "నేను సెలవులో ఉంటే విలేకరుల ఫోన్లు ఎవరు ఎత్తుతారు?" ఒకచోట "అలాంటి అవసరం రాదులెండి" అన్నారు. దండం పెట్టి వచ్చేశాను.

ఫ్రీలాన్సే కావాలంటే పని రకం చూసుకోండి. పాడ్‌కాస్టులు, న్యూస్‌లెటర్లు, కంపెనీ పెద్దలకు రాసిచ్చే ప్రసంగాలు అయితే వారాల ముందే తేదీ ఖాయమవుతుంది, బిడ్డకు జ్వరమొస్తే రికార్డింగ్ వాయిదా అడగొచ్చు. కొత్త మీడియా మనకు చేసిన మేలు ఇదొక్కటే అనిపిస్తుంది. కాకపోతే విలేకరులతో మాటలు పూర్తిగా మానేస్తే కష్టం, ఆర్నెల్లలో సగంమంది బీట్లు (రాసే రంగాలు) మారిపోయి ఉంటారు. క్రైసిస్ పని (ఆ రాత్రిలాంటి గొడవలు సర్దడం) ఒప్పుకుంటే మాత్రం జోడీ లేకుండా వద్దు, ఎంత ఇస్తామన్నా.

ఇప్పుడున్న చోట మేం ముగ్గురం. రాత్రి ఫోన్ వారానికొకరిది. నా వారం కానప్పుడు నా ఫోన్ హాల్లో ఛార్జింగ్‌లో ఉంటుంది, సౌండ్ తీసేసి.