వాషింగ్ మెషిన్ పంపు గోల పెడుతుంటే: కడగడమా, రిపేరా, కొత్త పంపా?

బట్టలు ఉతకడం వరకూ మెషిన్ బాగానే ఉంటుంది, నీళ్లు బయటికి తోసే సమయానికే గరగర మొదలవుతుంది. లేదా గుయ్‌మని మూలుగుతుంది కానీ చుక్క నీరు బయటికి పోదు, తలుపు తెరుచుకోదు, లోపల బట్టలు మురికినీళ్లలో నానుతూ ఉంటాయి. ఎల్‌జీ మెషిన్‌లో ఓఈ అనీ, శాంసంగ్‌లో 5ఈ లేదా 5సీ అనీ, బాష్‌లో ఈ18 అనీ స్క్రీన్ మీద కనబడితే అర్థం ఒకటే, నీళ్లు పోవడం లేదని. అంతే తప్ప పంపు పాడైందని అది చెప్పడం లేదు. ఈ తేడా పట్టించుకోక చాలామంది బాగున్న పంపు తీసేసి కొత్తది కొంటారు. ఇంకొంతమంది అరిగిపోయిన పంపును ప్రతివారం కడుగుతూ కూర్చుంటారు. నేను రెండూ చేశాను కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ చప్పుడు పంపుదేనా అన్నది తేల్చుకోండి. ఖాళీ డ్రమ్‌తో, డ్రెయిన్ (నీళ్లు బయటికి తోయడం) ఒక్కటే జరిగే ప్రోగ్రామ్ పెట్టండి. అప్పుడు డ్రమ్ కదలదు, పంపు మాత్రమే తిరుగుతుంది. ఆ సమయంలో గోల ఉంటే పంపు సంగతి చూడాలి. డ్రెయిన్ అప్పుడు నిశ్శబ్దంగా ఉండి, స్పిన్‌లో వేగం పెరిగే కొద్దీ విమానం లేచినట్టు హోరు పెరుగుతుంటే మాత్రం అనుమానం డ్రమ్ బేరింగ్ మీదికి వెళ్లాలి, పంపు మార్చినా ఆ హోరు తగ్గదు. నీళ్లు పూర్తిగా అయిపోయే చివర్లో వచ్చే గుడగుడ గురించి అసలు టెన్షన్ పడొద్దు, పంపులోకి గాలి చేరితే అలాగే ఉంటుంది. ఇంకో మాట, చాలా టాప్ లోడ్ మెషిన్లలో డ్రెయిన్ పంపే ఉండదు. చిన్న మోటారు ఒకటి వాల్వ్‌ను లాగి పట్టుకుంటే నీళ్లు వాటంతటవే కిందికి పోతాయి. అలాంటి మెషిన్‌కి పంపు కొనడానికి బయల్దేరకండి. ఇక్కడి నుంచి చెప్పేదంతా ఎక్కువగా ఫ్రంట్ లోడ్ గురించే.

కడగడం నుంచే మొదలుపెట్టాలి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు, ఎందుకంటే ఖర్చు లేదు, అరగంట పని, పైగా సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి. ప్లగ్ తీసేయండి, స్విచ్ ఆపితే చాలదు. వేడినీళ్ల ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోయి ఉంటే నీళ్లు చల్లారే దాకా ఆగండి. మెషిన్ ముందువైపు కింద మూలన చిన్న మూత ఉంటుంది, దాని వెనుక గుండ్రటి ఫిల్టర్, చాలావాటిలో పక్కనే ఒక సన్నటి రబ్బరు గొట్టం కూడా ఉంటుంది. ముందు ఆ గొట్టంతో నీళ్లు వంపుకోండి. డ్రమ్‌లో నీళ్లు నిలిచి ఉంటే అవి 10 లీటర్ల పైనే ఉండొచ్చు కాబట్టి ఒక్క పళ్లెంతో సరిపోదు, నింపడం, పారబోయడం, మళ్లీ పెట్టడం, ఓపిక పట్టాలి. ఆ తర్వాతే ఫిల్టర్‌ను నెమ్మదిగా విప్పండి.

అసలు విషయం ఫిల్టర్ బయటికి వచ్చాక మొదలవుతుంది, కానీ చాలామంది అక్కడే పని ముగించేస్తారు. ఫిల్టర్‌కి పట్టిన పీచు, జిగట కడిగేసి, తిరిగి బిగించి, అయిపోయిందనుకుంటారు. నేనూ మొదటిసారి అంతే చేశాను, రెండు ఉతుకులకే గరగర తిరిగొచ్చింది. రెండోసారి టార్చిలైటు వేసి ఆ రంధ్రంలోకి చూస్తే లోపల పంపు రెక్కల చుట్టూ వెంట్రుకలు, దారప్పోగులు తాడులా చుట్టుకుని ఉన్నాయి, వాటి మధ్య బ్రాలోంచి ఊడిన తీగ ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది. చప్పుడంతా దానిదే. నాణేలు, పిన్నులు, చొక్కా గుండీలు, పుల్లలు, పసివాళ్ల సాక్సు, అన్నీ చేరేది అక్కడికే.

రెక్కలను వేలితోనో చెక్కపుల్లతోనో తిప్పి చూడండి. ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంది. రెక్కలు సాఫీగా తిరగకుండా కొంచెం వదులుగా కదిలి, తర్వాత బిగిసి, ఒక్కో మెట్టు దూకినట్టు తిరుగుతాయి. అది చూసి బిగుసుకుపోయిందని అనుకోకండి. చాలా డ్రెయిన్ పంపుల్లో లోపలిది అయస్కాంతం, దాని లాగుడు వల్లే ఆ మెట్టు మెట్టు తిరుగుడు. మొదట కనిపించే వదులు కూడా కావాలని పెట్టిందే, నీటి బరువు మీద పడకముందే మోటారు కాస్త ఊపందుకోవడానికి. అసలు కదలకపోతే ఏదో అడ్డం ఉంది. ఏ పట్టూ లేకుండా గాలిపంకాలా గిర్రున తిరిగితే రెక్కలు ఇరుసు నుంచి ఊడిపోయి ఉండొచ్చు. పైకీ కిందికీ బాగా ఊగుతూ గోడకు తగులుతుంటే లోపల అరిగిపోయింది. ఈ చివరి రెండింటికీ ఎంత కడిగినా ప్రయోజనం లేదు.

పంపు బాగా తిరుగుతోంది, ఫిల్టర్ శుభ్రం, అయినా నీళ్లు నెమ్మదిగా పోతున్నాయా? బయటి పైపు చూడండి. గోడకూ మెషిన్‌కూ మధ్య నలిగిపోయి ఉండొచ్చు, సింకు కింద కలిపిన చోట జిగట పేరుకుని ఉండొచ్చు, పైపు మరీ ఎత్తుకు ఎక్కించి ఉండొచ్చు. ఎంత ఎత్తు వరకు పెట్టాలో మాన్యువల్‌లో ఉంటుంది, చాలా మెషిన్లకు సుమారు 60 నుంచి 100 సెంటీమీటర్లు.

వంటసోడా, వెనిగర్ పోస్తే పోతుందని చెప్పేవాళ్లున్నారు. నాణెం వెనిగర్‌కి కరగదు, వెంట్రుకల చుట్ట అంతకన్నా కరగదు. కాలువలు శుభ్రం చేసే ఘాటు మందులైతే దయచేసి మెషిన్‌లో పోయకండి, రబ్బరు భాగాలు, అల్యూమినియం భాగాలు దెబ్బతింటాయి, ఆ తర్వాత ఫిల్టర్ విప్పేవాళ్ల చేతుల మీదా కళ్లలోకీ అదే నీరు చిందుతుంది.

ఇక పాత పంపును విప్పి రిపేరు చేయడం. గ్రీజు పెట్టి, ఇరుసు తుడిచి, మళ్లీ బిగిస్తే కొన్నాళ్లు నిశ్శబ్దంగా ఉంటుందన్నది నిజమే, నా పంపు కూడా కొన్ని వారాలు బుద్ధిగా ఉంది. కానీ గ్రీజు అరిగిపోయిన భాగాన్ని తిరిగి పూడ్చలేదు. ఇరుసు ఊగుతూనే ఉంటుంది, సీలు దగ్గర నీరు లోపలికి చేరుతుంది, ఒకరోజు నేల మీద తడి కనిపిస్తుంది. పైగా ఈ పంపులు చాలావరకు విప్పి బాగుచేసుకునేలా తయారైనవి కావు. కొత్త పంపు చేతికొచ్చే లోపు రెండు మూడు ఉతుకులు గడవాలంటే సరే, అంతకు మించి ఈ దారిని నేను నమ్మను. వాడిన మెషిన్‌లోంచి తీసిన పంపు విషయంలోనూ నా మాట ఇదే, అది లోపల ఎంత అరిగిందో పైనుంచి తెలియదు.

కొత్త పంపు వేయడమే సరైనదని ఎప్పుడు అనాలంటే: అంతా శుభ్రం చేశాక కూడా గరగర తగ్గకపోతే, రెక్కలు విరిగితే, ఇరుసు ఊగితే, పంపు ఒంట్లోంచి నీరు కారుతుంటే, లేదా కాసేపు తిరిగి వేడెక్కి ఆగిపోయి చల్లారాక మళ్లీ మొదలవుతుంటే. చివరిదానికి మాత్రం అడ్డేమీ లేదని ముందు ఖాయం చేసుకోండి, ఎందుకంటే రెక్కలు ఇరుక్కున్నా పంపు అలాగే వేడెక్కుతుంది. మల్టీమీటర్ ఉంటే ప్లగ్ తీసి, పంపు వైర్లు ఊడదీసి, పంపు రెండు కొనల మధ్య నిరోధం (రెసిస్టెన్స్) కొలవండి. 220–240 వోల్టుల మామూలు పంపుల్లో సుమారు 100 నుంచి 200 ఓమ్‌లు చూపిస్తుంది. ఏమీ చూపించకపోతే పంపు మోటారు లోపలి తీగచుట్ట తెగింది. కొన్ని కొత్త మెషిన్లలో డీసీ పంపులు వస్తున్నాయి, ఈ లెక్క వాటికి వర్తించదు.

మార్చడం అనుకున్నంత కష్టం కాదు. చాలా మెషిన్లలో మోటారు భాగం ఒక్కటే విడిగా వస్తుంది, రెండు మూడు స్క్రూలతోనో, కాస్త తిప్పితే ఊడేలానో ఫిల్టర్ గూటికి తగిలించి ఉంటుంది. కొనేముందు పాతదాని మీది వోల్టేజీ, వాట్లు, స్క్రూల స్థానం, వైరు తగిలించే చోటు ఫొటో తీసుకోండి. కంపెనీ పేరు ఒకటే అయినంత మాత్రాన పంపు సరిపోదు. రబ్బరు రింగు కూడా కొత్తదే వేయండి, పాత రింగుతో బిగించి నీరు కారిందని బాధపడేకన్నా అది నయం. మెషిన్ చాలా బరువు, ఒక్కరే వాల్చకండి, పక్కన ఇంకొకరు ఉండాలి.

మెకానిక్‌ను పిలవాల్సిన సందర్భాలు కూడా ఉన్నాయి. వారంటీ ఉంటే మీరు స్క్రూడ్రైవర్ ముట్టుకోకండి, ఫిల్టర్ కడగడం వరకే. పంపు కొలత సరిగ్గానే ఉంది, రెక్కలు కదులుతున్నాయి, అయినా డ్రెయిన్ సమయంలో కిమ్మనకుండా ఉంటే, కరెంటు అక్కడి దాకా రావడం లేదేమో, అది మెషిన్‌ను నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు లేదా వైరింగ్ సంగతి, కరెంటు ఉండగా పరీక్షించాలి, ఇంట్లో చేసే పని కాదు. వచ్చిన మనిషి ఫిల్టర్ తెరవకుండానే పంపు మార్చాలంటే ముందు ఫిల్టర్ తెరిచి చూపించమనండి, మార్చాక పాత పంపు మీకే ఇవ్వమనండి. నాకొకసారి బాగున్న పంపు మార్చేసి వెళ్లారు, పాతది చేతిలో ఉంది కాబట్టే ఆ సంగతి తెలిసింది.

పంపు కోసం మొత్తం మెషిన్ మార్చేయాలన్న ఆలోచన మాత్రం వద్దు. డ్రమ్ బేరింగ్ కూడా పోయి, బోర్డు కూడా మొరాయిస్తున్న పాత మెషిన్ అయితే అది వేరే లెక్క.

కడిగినా, మార్చినా, వెంటనే బట్టలు వేయకండి. ఫిల్టర్ గట్టిగా, మర వంకర పోకుండా బిగించి, డ్రమ్‌లో రెండు మూడు లీటర్ల నీళ్లు పోసి డ్రెయిన్ పెట్టండి, ఫిల్టర్ మూత కింద పొడి కాగితం పరిచి అయిదు నిమిషాలు ఆగి చూడండి. కాగితం తడవకపోతే మెషిన్‌ను గోడ వైపు జరపొచ్చు, జరిపేటప్పుడు వెనకాల పైపు నలగకుండా చూసుకోండి.