మిథనాల్ విషానికి ఐసీయూలో ఏది మేలు: ఇథనాలా, ఫోమెపిజోలా, డయాలసిసా?

మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ కలిసిన కల్తీ సారా తాగి చూపు మసకబారిన మనిషిని ఆసుపత్రికి తెచ్చినప్పుడు ఇంట్లోవాళ్ళు ముందుగా అడిగేది "దీనికి విరుగుడు ఉందా సార్?" అని. ఉంది. విరుగుడు మందులు రెండున్నాయి, ఒకటి ఇథనాల్ (మామూలు మద్యంలో ఉండే ఆల్కహాలే), రెండోది ఫోమెపిజోల్ అనే ఇంజెక్షన్. వాటికి తోడు డయాలసిస్ ఉంది. నా అభిప్రాయం ముందే చెప్తున్నా. మన ఒంగోలు, నెల్లూరు వైపు డయాలసిస్ ఎంత త్వరగా మొదలైతే అంత మేలు, అది మొదలయ్యేదాకా ఏ విరుగుడు చేతిలో ఉంటే అది ఇవ్వాలి.

మిథనాల్ తనంతట తానుగా చేసే చెడు తక్కువ. లివర్ దాన్ని ఫార్మాల్డిహైడ్‌గా, ఆ తర్వాత ఫార్మిక్ యాసిడ్‌గా మారుస్తుంది, కంటి నరాన్నీ మెదడునీ దెబ్బతీసేది ఆ యాసిడే. ఇది పేరుకోవడానికి 12 నుంచి 24 గంటలు పట్టొచ్చు, దాంతోపాటు మామూలు మందు కూడా తాగి ఉంటే ఇంకా ఆలస్యం. అందుకే మొదటి రోజు తలనొప్పి, వాంతులు చూసి హ్యాంగోవర్ అనుకుని ఇంట్లో పడుకోబెడతారు, ఊళ్ళో ఒక సెలైన్ ఎక్కిస్తారు, మర్నాటికి కళ్ళ ముందు మంచు పట్టినట్టుందంటాడు, ఆయాసం మొదలవుతుంది, అప్పుడు 108కి ఫోన్ చేస్తారు.

ఇథనాల్, ఫోమెపిజోల్ రెండూ చేసే పని ఒకటే, లివర్‌లోని ఎంజైమును పట్టేసి మిథనాల్ యాసిడ్‌గా మారకుండా ఆపుతాయి. ఇథనాల్ చవక, ఎక్కడైనా దొరుకుతుంది, ముక్కు గొట్టం ద్వారా కూడా ఇవ్వొచ్చు. కానీ దానితో సేవ ఎక్కువ: డెసిలీటరు (100 మిల్లీలీటర్ల) రక్తంలో 100 నుంచి 150 మిల్లీగ్రాముల మధ్య నిలబెట్టాలి, షుగర్ పడిపోతుందేమో చూస్తుండాలి, మనిషి మత్తులోకి జారిపోతాడు, డయాలసిస్ నడుస్తుంటే ఇథనాల్ కూడా కొట్టుకుపోతుంది కాబట్టి డోసు పెంచాలి. ఫోమెపిజోల్‌తో ఈ టెన్షన్ చాలావరకు ఉండదు. కిలోకి 15 మిల్లీగ్రాములు ఒకసారి, తర్వాత 12 గంటలకోసారి 10 మిల్లీగ్రాములు, డయాలసిస్ ఉంటే ఇంకా దగ్గర దగ్గరగా. ఖరీదైనది, చిన్న ఊళ్ళలో నిల్వ ఉండదు.

మరి బతకడంలో తేడా ఉందా? 2012లో చెక్ రిపబ్లిక్‌లో కల్తీ మద్యం వల్ల చాలామంది విషం బారిన పడినప్పుడు రెండు మందులూ వాడారు, ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఫలితాన్ని ఎక్కువగా తేల్చేది ఆసుపత్రికి వచ్చేసరికి రక్తం ఎంత ఆమ్లంగా మారింది, స్పృహ ఉందా లేదా అన్నది. రక్తం పీహెచ్ (ఆమ్లాన్ని చెప్పే కొలత, ఎంత తగ్గితే అంత ఆమ్లం) 7 కంటే దిగజారి కోమాలో వచ్చినవాళ్ళలో మరణాలు ఎక్కువ, ఏ మందు పెట్టినా సరే. కాబట్టి "ఫోమెపిజోల్ దొరకలేదు, అందుకే పోయాడు" అని బాధపడే కుటుంబాలకు నేను చెప్పేది, ఇథనాల్ తక్కువరకం వైద్యం కాదు.

డయాలసిస్ సంగతి వేరు. మందులు కొత్త యాసిడ్ తయారవకుండా ఆపుతాయేగానీ, లోపల ఉన్న మిథనాల్ అలాగే ఉంటుంది, ఫోమెపిజోల్ మీద అది సగానికి తగ్గడానికే సుమారు రెండు రోజులు పడుతుంది. డయాలసిస్ మిథనాల్‌నీ, తయారైపోయిన యాసిడ్‌నీ కలిపి గంటల్లో తీసేస్తుంది. చూపు తగ్గినా, ఫిట్స్ వచ్చినా, కోమా అయినా, పీహెచ్ 7.15 లేదా అంతకంటే తక్కువున్నా డయాలసిస్ చేయాల్సిందే. బీపీ నిలబడితే మామూలు డయాలసిస్సే మంచిది, రోజంతా నెమ్మదిగా నడిచే రకం కంటే అది చాలా వేగం. రక్తంలో ఆమ్లాన్ని తగ్గించే బైకార్బొనేట్, ఫార్మిక్ యాసిడ్ విరగడానికి సాయపడే ఫోలినిక్ యాసిడ్ తోడుగా ఇస్తారు, వాటి మీద పెద్ద చర్చ అక్కర్లేదు.

అయితే ఒక సందర్భంలో నా మాట మారుతుంది. 2020 జులై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం షాపులు మూసి ఉంటే శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. 2024 జూన్‌లో తమిళనాడు కళ్ళకురిచ్చిలో మిథనాల్ కలిసిన సారాకు 60 మందికి పైగా బలయ్యారు. అలా ఒక్కసారే అందరూ వస్తే డయాలసిస్ మెషీన్లు సరిపోవు, ఒక్కొక్కరి ఇథనాల్ డోసు చూసుకునేంత మంది నర్సులూ ఉండరు. అప్పుడు ఫోమెపిజోలే మేలు. యాసిడ్ ఇంకా పెరగనివాళ్ళను దానిమీద ఉంచి, చూపు పోతున్నవాళ్ళకు మెషీన్ ఇవ్వొచ్చు. జిల్లాకు కొన్ని డోసులైనా ముందే నిల్వ పెట్టాలని నా గట్టి కోరిక.

ఏ ఆసుపత్రి అంటారా, దర్శి నుంచైనా ఉదయగిరి నుంచైనా దగ్గరి ఆసుపత్రిలో బైకార్బొనేట్, విరుగుడు మొదలుపెట్టించుకుని, డయాలసిస్ సిద్ధంగా ఉందో లేదో ఫోన్‌లో కనుక్కుని ఒంగోలుకో నెల్లూరుకో బయల్దేరండి. ఇథనాల్ విరుగుడు కదా అని ఇంట్లో మద్యం పట్టించకండి, మత్తులో ఉన్నవాడికి అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మిగిలిన సీసా వెంట తీసుకెళ్ళండి. అదే సీసాలోది తాగిన వాళ్ళందరినీ, బాగానే ఉన్నామన్నా సరే, అదే బండిలో ఎక్కించుకోండి.